కేకు కోసే ముందు లెక్క చెప్పండి

కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేశాను. అందరం కలిపి ముప్ఫై మందిమి. ఒక పెద్ద క్లయింట్ చేజారిపోయాడు. ఆ నెల జీతం ఒకటో తారీఖుకు బదులు పదమూడున పడింది, అది కూడా కొంత తగ్గి. ఎందుకు తగ్గిందో మెయిల్ రాలేదు, మీటింగ్ పెట్టలేదు. అదే శుక్రవారం సాయంత్రం మేడ మీద పిజ్జాలు తెప్పించారు, కేకు కోశారు, మమ్మల్ని జట్లుగా విడగొట్టి ఆటలు ఆడించారు. "మనమంతా ఒక ఫ్యామిలీ" అని మేనేజర్ గారు మైకులో చెబుతున్నారు. రిసెప్షన్‌లో కూర్చునే అక్క కాగితం ప్లేటు చేతిలో పట్టుకుని నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది: "వచ్చే నెలైనా టైముకి పడతాయంటావా తమ్ముడూ?"

ఆ సాయంత్రం అక్కడున్న అందరి మనసులోనూ ఉన్నది ఆ ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఎవరూ చెప్పలేదు.

ఖర్చు లేకుండా టీమ్ స్పిరిట్ పెంచడం ఎలా అని అడిగితే సాధారణంగా వచ్చే సలహాలు తెలిసినవే. ఆటలు ఆడించండి, పుట్టినరోజులు చేయండి, గోడ మీద ఫొటోలు పెట్టండి అంటారు. అవి తప్పని నేను అనను. రోజులు బాగున్నప్పుడు అవి బాగానే పనిచేస్తాయి. కానీ జీతాలు ఆగి, పక్క సీటు ఖాళీ అయి, తర్వాత ఎవరి వంతో అని లెక్కపెట్టుకునే రోజుల్లో మనిషికి కావాల్సింది వేరు. టీమ్ స్పిరిట్ అంటే నవ్వుతూ దిగిన గ్రూప్ ఫొటో కాదు. పక్కవాడి పని ఆగిపోతే, అది తన పని కాకపోయినా, అడగకముందే చెయ్యి వేయడం. భయంలో ఉన్నవాడు ఆ చెయ్యి వేయడు. తన సీటు కాపాడుకునే పనిలో ఉంటాడు, తనకు తెలిసింది పక్కవాడికి చెప్పడు, తప్పు జరిగితే దాచిపెడతాడు. కాబట్టి ముందు తగ్గించాల్సింది భయం. దానికి అయ్యే ఖర్చు డబ్బు రూపంలో చాలా తక్కువ. యజమాని సమయం, కొంత అహం మాత్రం ఖర్చవుతాయి. చాలాచోట్ల ఈ పని జరగకపోవడానికి కారణం ఆ రెండోదేనని నా నమ్మకం.

ఇది ఉత్త నమ్మకం కాదనడానికి ఒక మంచి ఆధారం ఉంది. అమెరికాలో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ఒక అధ్యయనం ప్రచురించాడు. విమానాలకు, కార్లకు చిన్న చిన్న విడిభాగాలు చేసే ఒక కంపెనీకి పెద్ద కాంట్రాక్టులు పోయాయి. రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు 15 శాతం జీతం కోయాల్సి వచ్చింది. ఒక ఫ్యాక్టరీలో కంపెనీ అధ్యక్షుడే వచ్చి దాదాపు గంటన్నర కూర్చున్నాడు. లెక్కలు చూపించాడు, ఇలా చేయాల్సి రావడం బాధగా ఉందని చెప్పాడు, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చాడు. రెండో ఫ్యాక్టరీలో పావుగంటలో విషయం చెప్పేసి పంపేశారు. కోత మాత్రం రెండు చోట్లా ఒక్కటే. ఆ పది వారాల్లో ఫ్యాక్టరీ సామాను దొంగతనంగా బయటికి పోవడం రెండుచోట్లా పెరిగింది. కానీ పావుగంటలో ముగించిన చోట అది చాలా ఎక్కువ. పని మానేసి వెళ్లిపోయినవాళ్లు కూడా అక్కడే ఎక్కువ. జీతాలు మళ్లీ మామూలుగా ఇవ్వడం మొదలుపెట్టాక దొంగతనాలు తగ్గిపోయాయి.

ఆ రెండు ఫ్యాక్టరీల మధ్య ఖర్చులో తేడా ఎంత? ఒక పెద్దాయన సమయం గంటా పావు. అంతే.

మరి మన యజమానులు ఎందుకు చెప్పరు? చెడ్డవాళ్లై కాదు. నిజం చెబితే బాగా పనిచేసేవాళ్లు ముందు వెళ్లిపోతారని భయం. పోటీవాళ్లకు తెలిస్తే ఉన్న క్లయింట్లు కూడా జారుకుంటారని ఇంకో భయం. ఇంకొందరికైతే, "నా వల్ల కావడం లేదు" అని తన దగ్గర జీతం తీసుకునేవాళ్ల ముందు ఒప్పుకోవడం చచ్చేంత పని. ఈ భయాల్లో నిజం లేకపోలేదు. కానీ లోపల చెప్పని మాట బయట టీకొట్టు దగ్గర చెప్పుకుంటారు. అక్కడ అది రెండింతలై తిరిగొస్తుంది. ఆఫీసు అద్దె కట్టడం రెండు రోజులు ఆలస్యమైతే, "ఆఫీసే ఎత్తేస్తున్నారంట" అనే దాకా పోతుంది.

చెప్పాల్సినవి చాలా మామూలు విషయాలు. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలి, ఏం నిర్ణయించాం, ఇంకా ఏది తేలలేదు, మళ్లీ ఏ తారీఖున కూర్చుంటాం. ఆ చివరిది మర్చిపోకూడదు. "త్వరలో చెబుతాం" అనే మాటతో టెన్షన్ తగ్గదు, పెరుగుతుంది. "పదో తారీఖు సాయంత్రం నాలుగింటికి" అంటే మనిషి కనీసం పదో తారీఖు దాకా నిద్రపోతాడు. కచ్చితంగా తెలియకుండా "ఎవర్నీ తీసెయ్యం" అని మాత్రం అనకండి. ఆ మాట ఒక్కసారి తప్పితే, తర్వాత చెప్పే ఏ నిజాన్నీ ఎవరూ నమ్మరు.

మన దగ్గరే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో సింగరేణి పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. లక్షమందికి పైగా కార్మికులు, పేరుకుపోయిన నష్టాలు, లెక్కకు మించిన సంఘాలు, ఏ బాయి మీద ఎప్పుడు సమ్మె మొదలవుతుందో తెలియని రోజులు. అప్పట్లో ఖాయిలా పరిశ్రమల సంగతి చూసిన బీఐఎఫ్‌ఆర్ అనే కేంద్ర సంస్థ గడపను ఆ సంస్థ రెండుసార్లు తొక్కింది, 1992లో ఒకసారి, 1996లో మరోసారి. అలాంటి సంస్థ 1997-98 నుంచి లాభాల్లోకి వచ్చింది.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఆర్థికంగా ఆదుకున్నాయి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనులు పెరిగాయి, కార్మికుల సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చింది. కేవలం మాటలతోనే సంస్థ బాగుపడిందని చెప్పడం గనిలో దిగి చెమటోడ్చినవాళ్లకు అన్యాయం చేయడమే. కానీ మాటలకూ అందులో పాత్ర ఉంది. వేర్వేరు శాఖల అధికారులు ఒక బృందంగా గనుల మీదికి వెళ్లి కార్మికులతో మాట్లాడే పద్ధతి అక్కడ ఉంది. మల్టీ డిపార్ట్‌మెంట్ టీమ్ అంటారు. టన్ను బొగ్గు తీయడానికి ఎంత ఖర్చవుతోంది, ఎంతకు అమ్ముతున్నాం, ఈ గని ఎక్కడ వెనకబడింది, యంత్రాలు రోజుకు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటున్నాయి అని షిఫ్టుకు వచ్చినవాళ్లకే నేరుగా చెబుతారు. 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. దాంతో కార్మికుల తరఫున ఎవరితో మాట్లాడాలన్నది తేలింది. ఆ తర్వాత లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది. మొదట్లో 10 శాతంగా ఉన్న ఆ వాటా ఇప్పుడు 30 శాతం దాటింది. ఏటా దసరా దగ్గరపడుతుంటే కొత్తగూడెం నుంచి మంచిర్యాల దాకా బొగ్గు ఊళ్లన్నీ ఈసారి ఎంత శాతం అని ఎదురుచూస్తాయి.

కష్టం వచ్చినప్పుడు లెక్క చెప్పినవాళ్లు, లాభం వచ్చినప్పుడు కూడా లెక్క చెప్పాలి. ఇదొక గొలుసు. 2024లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు సంఘాలు వెంటనే ఒక ప్రశ్న వేశాయి: 33 శాతం దేని మీద? మొత్తం లాభం మీదా, విస్తరణ పనులకు కొంత పక్కన పెట్టగా మిగిలిన దాని మీదా? లెక్క చూడటం అలవాటైన కార్మికుడు ఇలాగే అడుగుతాడు. ఆ ప్రశ్న యాజమాన్యానికి ఇబ్బందిగా ఉండొచ్చు. నా దృష్టిలో మాత్రం అది ఆరోగ్యం. సంస్థ తనది కాదనుకున్నవాడు శాతాల గురించి ఎందుకు అడుగుతాడు?

చెప్పడం తర్వాత వచ్చేది పంచుకోవడం. భారం అందరి మీదా పడుతోందా, కింద ఉన్నవాళ్ల మీదే పడుతోందా అన్నది ఉద్యోగులు చాలా జాగ్రత్తగా గమనిస్తారు. ఏసీ ఉష్ణోగ్రత పెంచి, టీ రెండుసార్ల నుంచి ఒకసారికి తగ్గించి, అదే నెలలో డైరెక్టర్ గారికి కొత్త కారు వస్తే, ఇక మీరు ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా దండగే.

2009లో ప్రపంచమంతా మాంద్యంలో ఉన్నప్పుడు, అమెరికాలో సెయింట్ లూయిస్ కేంద్రంగా యంత్రాలు తయారు చేసే బారీ వెమిల్లర్ అనే కంపెనీకి ఆర్డర్లు ఒక్కసారిగా పడిపోయాయి. మనుషులను తీసేయాలని బోర్డు వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. కంపెనీ అధినేత బాబ్ చాప్‌మన్ ఇంకో దారి పట్టాడు. తనతో సహా అందరూ తలా నాలుగు వారాలు జీతం లేని సెలవు తీసుకోవాలన్నాడు. ఒక్కరు బాగా దెబ్బతినే బదులు అందరం కొంత కొంత మోద్దాం అన్నది ఆయన లెక్క. తర్వాత జరిగింది ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఇంట్లో కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లు, లేనివాళ్ల వారాలను తమ మీద వేసుకున్నారు. ఎవరో చెప్పగా వినడం కాదు, వాళ్లంతట వాళ్లే అలా చేశారు. దానికి పైనుంచి పడిన మొదటి అడుగు చాలింది.

అయితే "అందరికీ సమానంగా" అనే మాటలో ఒక ఇబ్బంది ఉంది. నెలకు 18,000 వచ్చే మనిషికి పది శాతం కోత అంటే పిల్లవాడి స్కూల్ వ్యాన్ డబ్బులు. రెండు లక్షలు వచ్చే మనిషికి అదే పది శాతం అంటే మ్యూచువల్ ఫండ్‌లో వేసేది కొంత తగ్గడం. 2020 మార్చి చివర్లో, లాక్‌డౌన్ మొదలైన వారంలో, తెలంగాణ ప్రభుత్వం జీతాలు ఆపినప్పుడు ఈ తేడాను కొంత పట్టించుకుంది. ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి 10 శాతం ఆపింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా దాదాపు ఇలాంటి మెట్లే పెట్టారు. మెట్లు పెట్టడం మంచి ఆలోచన. కానీ ఒక జూనియర్ అసిస్టెంట్‌నూ, పెద్ద జీతం తీసుకునే అధికారినీ ఒకే 50 శాతం మెట్టు మీద నిలబెట్టడం, పెన్షన్ మీదే బతికే పెద్దవాళ్ల డబ్బు ఆపడం చాలామందిని బాధపెట్టింది. పెన్షనర్ల విషయం హైకోర్టు దాకా వెళ్లింది. చిన్న సంస్థ నడిపేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. మెట్లు ఎన్ని పెట్టామన్నది కాదు, ఏ మెట్టు దగ్గర ఇల్లు గడవడం ఆగిపోతుందో చూసుకోవాలి. ఆ గీత కింద ఉన్నవాళ్లను వదిలేయాలి. పైన ఉన్నవాళ్ల కోత ముందు మొదలవ్వాలి, చివర ఆగాలి. కోసింది మళ్లీ ఇస్తారా, ఇవ్వరా, ఇస్తే ఎప్పుడు అన్నది కాగితం మీద ఉండాలి.

ఇక తిండి సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఖర్చు లేకుండా మనుషులను దగ్గర చేసేది ఇంతకంటే ఇంకోటి నాకు కనపడలేదు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పెద్ద నగరంలోని 13 అగ్నిమాపక కేంద్రాలను పరిశీలించి 2015లో తమ అధ్యయనం ప్రచురించారు. కలిసి వండుకుని తినే జట్లు పనిలోనూ బాగా కలిసి పనిచేస్తున్నాయని వాళ్లకు కనిపించింది. ఆ వంటకు డబ్బు డిపార్ట్‌మెంటు ఇవ్వదు. వాళ్లే తలా కొంత వేసుకుని సరుకులు తెచ్చుకుంటారు. కలిసి తినని కేంద్రాల్లో ఎందుకు తినరని అడిగితే అక్కడివాళ్లు సిగ్గుపడ్డారట. కలిసి తినడం వల్ల జట్టు బాగుపడిందా, జట్టు బాగుంది కాబట్టే కలిసి తింటున్నారా అన్నది విడదీసి చెప్పడం కష్టమే. కానీ మన అనుభవం ఏం చెబుతుంది? పక్కవాళ్ల గోంగూర పచ్చడి రుచి తెలిసినవాళ్లకు వాళ్ల ఇంటి కష్టం కూడా కొంత తెలుస్తుంది.

మనకు దీనికి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది, కార్తీక వనభోజనాలు. ఊరి బయట తోటలో ఉసిరి చెట్టు కింద చాపలు పరుచుకుని, తలా ఒక వంటకం తెచ్చుకుని, పిల్లాపాపలతో కలిసి తినడం. ఆఫీసులకు ఇంతకంటే చవకైన విహారం ఏముంది? రిసార్టు అద్దె లేదు, ఈవెంట్ మేనేజర్ లేడు. ఒకరు పులిహోర, ఒకరు దద్దోజనం, ఒకరు మైక్రోవేవ్‌లో చేసిన కేకు. ఇంట్లోవాళ్లు కూడా వస్తారు కాబట్టి "మా ఆయన రోజూ రాత్రి తొమ్మిదికి వస్తున్నాడు సార్" అని చెప్పాల్సినవాళ్లు చెప్పాల్సినవాళ్లకే చెబుతారు. ఈ మధ్య వనభోజనాలను కులాలవారీగా జరుపుకోవడం పెరిగింది. చెట్టు కింద అందరూ ఒకటిగా కూర్చోవడానికి పుట్టిన పండుగ అలా ముక్కలవడం చూస్తే నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. కనీసం ఆఫీసు వనభోజనాలైనా ఆ గీతలు చెరిపేలా ఉండాలి. తినేవి వేరైనా కూర్చునే చాప ఒకటే కావచ్చు కదా. కార్తీకం నచ్చనివాళ్లు, వేరే మతంవాళ్లు ఉన్నచోట పేరు మార్చి, ఏదో ఒక ఆదివారం కాని రోజున పెట్టుకుంటే పోయిందేం లేదు. ఆదివారం మాత్రం వద్దు. అది ఇంటిది.

రోజూ మధ్యాహ్నం బాక్సు తినే బల్ల దగ్గర ఇంకో పరీక్ష ఉంది. సెక్యూరిటీ అన్న, ఊడ్చే అమ్మ, ఆఫీస్ బాయ్ అని పిలిచే నలభై ఏళ్ల మనిషి ఎక్కడ తింటున్నారో చూడండి. మెట్ల కింద తింటుంటే మీ టీమ్ ఎక్కడిదాకా ఉందో మీకు అక్కడే తెలిసిపోతుంది. సింగరేణిలో 2024లో కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి తలా 5,000 రూపాయలు బోనస్‌గా ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుడికి వచ్చే దాని పక్కన పెడితే అది చాలా చిన్న మొత్తం. అయినా ఇన్నేళ్లూ అదే బొగ్గు ధూళి పీలుస్తూ పక్కన నిలబడి చూసినవాళ్ల పేరు మొదటిసారి ఆ లిస్టులో వచ్చింది. దీపావళికి స్వీట్ బాక్సులు పంచేటప్పుడు అవుట్‌సోర్సింగ్ వాళ్లను వదిలేసే ఆఫీసులు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. బాక్సు సైజు తగ్గించండి, మనిషిని తగ్గించకండి.

చేసే పని ఎవరికి ఉపయోగపడుతోందో కళ్లారా చూపించడం కూడా చవకైన పనే. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు, అతని సహచరులు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులకు ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థిని కలిసే అవకాశం ఇచ్చారు. కొద్ది నిమిషాలే మాట్లాడారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం, తెచ్చే విరాళం రెండూ రెట్టింపు దాటాయి. మందుల గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే అమ్మాయికి ఆ మందు వాడే మనిషి ఒక్కసారి ఎదురైతే, స్కూలు సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాడు ఒక రోజు ఏదైనా స్కూలు ఆఫీసులో క్లర్కు పక్కన కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

డబ్బు ఇవ్వలేని యజమాని సమయం ఇవ్వగలడు. మే నెలలో షిఫ్టు గంట ముందుకు జరపడం, బడి వదిలే వేళకు తల్లిని వెళ్లనివ్వడం, ఇద్దరు తమలో తాము షిఫ్టు మార్చుకుంటే సంతకాల కోసం తిప్పకపోవడం. ఆస్పత్రి ఖర్చు మీద పడినవాళ్లకు వడ్డీ లేని అడ్వాన్స్ ఇవ్వడానికి చిన్న నిధి ఒకటి ఉంటే ఇంకా మేలు. లోన్ యాప్‌ల వేధింపులు మన రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లను కాల్చాయో చూశాం. తలా నెలకు వంద వేసుకుని, సంస్థ ఇంకో వంద కలిపితే, ఎవరూ ఆ యాప్‌ల వైపు చూడాల్సిన అవసరం రాదు. పొదుపు సంఘాలు నడిపిన మన ఆడవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వండి.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పని చెప్పడం. అందరూ బిక్కుబిక్కుమంటున్నప్పుడు 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఒకరిని ఎత్తి చూపి, మిగతావాళ్లను ఆ మనిషికి దూరం చేయడం. మేనేజర్ పుట్టినరోజుకు సిబ్బంది దగ్గర చందా వసూలు చేయడం. ఎవరినైనా తీసేయాల్సి వస్తే గేటు దగ్గర ఐడీ కార్డు పనిచేయకపోతే తెలిసేలా చేయడం. వెళ్లిపోయేవాళ్లను ఎలా పంపారన్నది ఉన్నవాళ్లు మర్చిపోరు.

విజయవాడలో నాకు తెలిసిన ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉంది. పదకొండు మంది పనివాళ్లు. శుభలేఖలు తగ్గిపోయి, బకాయిలు రాక ఇబ్బంది పడుతున్న రోజుల్లో యజమాని గోడ మీద తెల్లబోర్డు ఒకటి పెట్టాడు. ప్రతి సోమవారం పొద్దున దాని మీద ఒక అంకె రాసేవాడు: చేతిలో ఉన్న డబ్బుతో ఇంకా ఎన్ని రోజులు జీతాలు ఇవ్వగలను అని. మొదటి సోమవారం 41. నెలన్నరకు అది 23కు దిగింది. ఆ వారం ఇద్దరు వచ్చి వేరేచోట పని చూసుకుంటామన్నారు. ఆయన ఆపలేదు, తెలిసిన ప్రెస్సులకు తనే ఫోన్ చేసి పెట్టాడు. నిజం చెప్పినందుకు ఆయనకు పడిన ఖరీదు అది. మిగిలిన తొమ్మిది మంది మాత్రం ఆ అంకె మీద పడ్డారు. కాగితం వృథా తగ్గించే దారి కటింగ్ మెషీన్ దగ్గరుండే ఆయన చూపించాడు. బకాయిల కోసం బైండింగ్ చేసే ఇద్దరు ఆడవాళ్లు సాయంత్రాలు తిరిగారు. నేను వెళ్లిన రోజు బోర్డు మీద 58 ఉంది. పక్క బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చి, కోసిన శుభలేఖల అట్టముక్కల మీద పెట్టి పంచుతున్నారు. డబ్బులెవరిచ్చారని అడిగితే కటింగ్ మెషీన్ ఆయన నవ్వి, ఇంకో బజ్జీ నా చేతిలో పెట్టాడు.